ఎడమ తెరకి నైట్ డ్యూటీ

ఫిలిప్పు మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఎడమ తెర ఆరకూడదు. బడి కప్పు కారవచ్చు, గంట కొట్టే సుత్తి పోవచ్చు, జీతం ఆలస్యం కావచ్చు. ఎడమ తెర మాత్రం వెలుగుతూ ఉండాలి. "చర్చిలో దీపం ఆరినా ఈయన ఇంత కంగారు పడరు" అనేవారు మా హెడ్మిస్ట్రెస్ దెబోరా గారు.

ఇది 2006 నాటి మాట. నేను సాలూరు నుంచి హుకుంపేట మిషన్ బడికి సైన్సు చెప్పడానికి కొత్తగా వచ్చాను. బడికంతటికీ కంప్యూటరు ఒక్కటే. దానికి తెరలు మాత్రం రెండు! రెండోది పాడేరులో ఎవరో పాతదని మూలన పడేస్తే మాస్టారు అడిగి తెచ్చుకున్నారు. జీపులో దాన్ని సీట్లో కూర్చోబెట్టి, తను వెనక కమ్మీ పట్టుకుని వేలాడుతూ వచ్చారట. దారిలో ఒక పెద్దాయన ఎక్కి, "ఆ డబ్బాని ఒళ్లో ఎట్టుకోండి మేస్టారూ, నేను కూకుంటాను" అన్నాడు.

"దానికి కుదుపు పడదండీ. మీకు అలవాటేగా!" అన్నారట మాస్టారు.

అంత ముద్దుగా తెచ్చినదాన్ని బల్ల మీద తిన్నగా పెట్టారా అంటే, అదీ లేదు. మెడ పట్టేసిన మనిషిలా దాని మొహం ఎప్పుడూ వరండా కిటికీ వైపే తిరిగి ఉండేది. దాని మీద నర్సు బట్టల్లో ఒక అమ్మాయి ఫొటో. నెలకోసారి ఫొటో మారేది, అమ్మాయి మారేది కాదు. ఎవరని అడిగితే, "మన బడిలో చదివిన పిల్లే. భానుశ్రీ. తమిళనాడులో నర్సింగ్ చేస్తోంది" అని ఊరుకునేవారు. ఎడమ తెర ఎందుకని దెబోరా గారు అడిగితే మాత్రం, "కుడిదానికి తోడు మేడమ్" అనేవారు.

వైరస్‌ల బాధ పడలేక మాస్టారు ఆ కంప్యూటర్లో లినక్స్ వేశారు. దానితో పాటే ఒక ఆట వచ్చింది. పెంగ్విన్ పక్షి మంచుకొండ మీంచి బోర్లా పడుకుని జారుతూ చేపలు ఏరుకోవాలి. మా పిల్లలకి కొండలు తెలుసు, జారడం తెలుసు, మంచు పొగలా రావడం తెలుసు. గడ్డకట్టిన మంచు మాత్రం కొత్త. మూడింటి కంప్యూటర్ పీరియడ్ కోసం పొద్దున్న ప్రార్థన నుంచే ఎదురుచూసేవారు. అబద్ధం ఎందుకు, నేనూ ఎదురుచూసేవాణ్ణి.

చిక్కంతా ఎక్కడంటే, ఆ ఆట టిఫిన్ డబ్బా మూతంత విండోలో ఆడుకోవలసి వచ్చేది. ముప్పైమంది పిల్లలు, మూతంత మంచుకొండ. వెనక బెంచీ వాళ్లకి పెంగ్విన్ చీమలా కనబడేది. "పెద్దది సెయ్యండి మేస్టారూ!" అని రోజూ గోల.

పెద్దది చేస్తే ఆట రెండు తెరల మీదకీ సాగేది. పెంగ్విన్ సరిగ్గా నడిమధ్య ఉంటుంది కదా, అంటే రెండు తెరల చట్రాల వెనక ఉండేది. ఎడమ రెక్క ఇటు, కుడి రెక్క అటు, పక్షి మాత్రం ప్లాస్టిక్‌లో. పిల్లలు రెక్కల కొసలు చూసి నడిపేవారు. ఒక పిల్లాడైతే, "పచ్చి ఎక్కడుందిరా?" అంటూ తెరల వెనక్కి వెళ్లి వెతికాడు. ఆట కుడి తెర మీదే నిండుగా వచ్చేలా చేస్తే ఎడమది ఠక్కున ఆరిపోయేది. అలా ఆరిపోతే మాస్టారు ఒప్పుకోరు.

"ఎక్కడో ఒక్క లైను తేడా ఉంది, ప్రేమ్ సార్. అది దొరికితే ఆట కుడిదాంట్లో నిండుగా, ఎడమది ఎడమదిలాగే" అనేవారు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక వచ్చి, సెట్టింగుల ఫైల్లో ఒక లైను మార్చి, కళ్లు మూసుకుని, "ఆమెన్" అని ఎంటర్ కొట్టేవారు. తెరలు రెండూ నల్లబడేవి. మళ్లీ పాత లైను, మళ్లీ ఆమెన్. నేను పక్కన కూచుని కూచుని, చివరికి ఇంట్లో గ్యాస్ స్టవ్ వెలిగించేటప్పుడు కూడా ఆమెన్ అనడం మొదలుపెట్టాను. మా అమ్మ సాలూరు నుంచి వచ్చినప్పుడు విని హడలిపోయింది.

ఒక శుక్రవారం మాస్టారు పాడేరు వెళ్లారు. పీరియడ్ నాకు అప్పగిస్తూ మూడుసార్లు చెప్పారు, "ఎడమదాని జోలికి వెళ్లకండి." నేను మూడుసార్లూ తలూపాను. జీపు మలుపు తిరిగిందో లేదో, ఎడమ తెర వైరు పీకేశాను.

ఆహా! కుడి తెర నిండా మంచు. పెంగ్విన్ బొద్దుగా, నున్నగా, నడిమధ్య. పిల్లలు బెంచీలెక్కి అరిచారు. నేను మొదటి ఆట నాకే కేటాయించుకుని దేవదారు చెట్ల మధ్య నుంచి జారుతుంటే, సాలూరు, సంసారం, ట్రాన్స్‌ఫరు, ఏవీ గుర్తు లేవు.

"ప్రేంబాబూ..."

కిటికీ చువ్వలు పట్టుకుని హాస్టల్లో వంటచేసే ముత్యాలమ్మ నిలబడి ఉంది. చేతిలో చింతపండు చాట. నల్లటి ఎడమ తెరకేసి చూస్తోంది.

"ఏటి బాబూ, మా గుంట ఆరిపోనాది? ఆ పక్కది ఎలుగుతంది గదా, ఇదొక్కటే ఆరిపోనాదేటి? దానికేటైనా అయిపోనాదా? మీకేటైనా తెలిసిందా, సెప్పండి బాబూ!"

కరెంటు పోతే రెండూ ఆరతాయి, అది ఆవిడకి తెలుసు. తన గుంట, అంటే కూతురు భానుశ్రీ, ఉన్న తెర ఒక్కటే ఆరడం ఎప్పుడూ చూడలేదు. రోజూ మూడింటికి ఆవిడ ఆ వరండాలో చింతపండు ఒలుచుకుంటుందని తెలుసు. గింజలకేసి కాక ఎటు చూస్తుందో ఏడాదిగా నేను గమనించనే లేదు. సిగ్గేసింది.

దేవుడి దయవల్ల ఆ వేళ జీపు ఎత్తు దగ్గర చెడిపోయి, మాస్టారు నడుచుకుంటూ వెనక్కి వచ్చేశారు. ఒక చూపు తెర మీద, ఒక చూపు నా చేతిలో వైరు మీద.

"ఏం లేదమ్మా, భానుకి నైట్ డ్యూటీ. రాత్రంతా నిలబడింది కదా, పగలు పడుకుంది. నిద్దర్లో లైటెందుకని సార్ ఆపారు" అన్నారు, తడుముకోకుండా.

"అదా! పడుకోనీండి, పడుకోనీండి" అంటూ ముత్యాలమ్మ చాట కింద పెట్టి, గొంతు తగ్గించి, "పిల్లలూ, అరవకండర్రా" అంది. ఆ తర్వాత చప్పుడవుతుందేమోనని ఎంతసేపటికీ చింతపండు ముట్టలేదు.

ఆవిడ వెళ్లాక నేను గొణిగాను, "ఫొటో ప్రింటు తీసి ఇవ్వొచ్చుగా మాస్టారూ?"

"ఇచ్చాను. పెట్టెలో చీరల కింద దాచింది. 'కాయితంలో గుంట ఉంటాది గాని ఎలగదు' అంది. బెంగ సార్. ఏడాదికోసారి వచ్చే పిల్ల." వైరు బిగించి, "అటు పిల్లలకి పెద్ద ఆట కావాలి, ఇటు ఆవిడకి కూతురు కావాలి. మన దగ్గరున్నది ఒక కంప్యూటరు" అన్నారు.

ఆ రోజు నుంచి ఆ ఒక్క లైను కోసం నేనూ వెతకడం మొదలుపెట్టాను. ఇక ఆదివారాలు చాలక రోజూ ప్రయోగాలే. ఎడమది ఆరినప్పుడల్లా మాస్టారు వరండాలోకి పరుగెత్తి, "నైట్ డ్యూటీ అమ్మా!" అని ప్రకటించేవారు. మూడు వారాల్లో పదకొండు డ్యూటీలు పడ్డాయి. ముత్యాలమ్మకి కోపం వచ్చేసింది. "ఆ ఆస్పత్రోళ్లకి ఇంకో గుంట దొరకదేటి? నా దాన్నే రుద్దేత్తన్నారు!"

ఎండలు మొదలవకముందే భానుశ్రీ సెలవు మీద వచ్చింది. ఆ పది రోజులూ ముత్యాలమ్మ చింతపండు ఇంటి దగ్గరే ఒలుచుకుంది. తిరిగి వెళ్లే ముందు ఆ అమ్మాయి బడికి వచ్చి నవ్వాపుకోలేక అడిగింది. "మాస్టారూ, నాకింకా నైట్ డ్యూటీలే వెయ్యలేదు. నేను వచ్చిన రోజు నుంచీ మా అమ్మ నా కాళ్లు పిసుకుతోంది. ఎవరు చెప్పారండీ?"

మాస్టారు నాకేసి చూశారు. నేను పైకప్పుకేసి చూశాను.

బస్సు వెళ్లిపోయిన మర్నాడు మూడింటికి ముత్యాలమ్మ చాటతో వచ్చి కూచుంది. ఎడమ తెర మీద కొత్త ఫొటో, అమ్మా కూతురూ పక్కపక్కన. చాలాసేపు చూసింది. లోపల పిల్లలు మూతంత విండో చుట్టూ తోసుకుంటున్నారు.

"ఫిలిప్పు బాబూ, ఇయాల దానికి నైటు డూటీ ఏసెయ్యండి" అంది.

మాస్టారు ఉలిక్కిపడ్డారు. "ఎందుకమ్మా?"

"నాకు సూడాలనే ఉంటాది. ఎప్పుడూ ఉంటాది. అది తీరేది కాదు గదా. ఆ పిల్లలు మాత్రం ఎన్నాళ్లు సూత్తారు, పెద్దగా ఆడుకోనీండి. ఇన్ని డూటీలు ఏసినారు, ఇంకోటి ఏత్తే ఏటి?"

మాస్టారు వైరు పట్టుకుని నిలబడిపోయారు. ఆయన చెయ్యి రాలేదు. చివరికి నేనే "ఆమెన్" అన్నాను, ఆయన లాగారు. మంచుకొండ కుడి తెర నిండా పరుచుకుంది, పిల్లల అరుపులకి చర్చి పావురాలు లేచిపోయాయి.

ఆ ఒక్క లైను తర్వాతెప్పుడో మాస్టారు రిటైరయ్యే ముందు దొరికింది. ఇప్పుడైతే ఏ కంప్యూటరైనా అడక్కుండానే ఆ పని చేస్తోంది. నాకు మాత్రం ఆ రోజే కావాలనిపిస్తుంది. అయిదు నిమిషాలకోసారి మాస్టారు కిటికీ దగ్గరికి వెళ్లి, "అమ్మా, డ్యూటీ దిగే టైమైంది, పెట్టేస్తాను" అనడం, ముత్యాలమ్మ తలెత్తకుండా గింజలు ఏరుకుంటూ జవాబు చెప్పడం.

"ఇంకో ఆట ఆడనీండి బాబూ. ఓవరు టైము ఏసుకుంటాది."