ఫ్లెక్సీ కింద టీ

నర్సీపట్నంలో డాక్టరు గారి ఆసుపత్రి ముందు కొత్త ఫ్లెక్సీ కట్టారు. నరాల జబ్బుల అంతర్జాతీయ సదస్సులో, మెడలో కార్డు వేసుకుని ఆయన నవ్వుతున్నాడు. గొలుగొండ నుంచి అచ్చియమ్మ రోజూ మొగుడు వరహాలును ఆటోలో తెచ్చి ఆ బొమ్మ కిందే కూర్చోబెట్టి, నిండు టీ గ్లాసు చేతికిస్తుంది. చెయ్యి వణికి టీ అంతా చొక్కా మీద ఒలికినా తుడవదు. "ఏటైంది?" అని ఎవరైనా అడగాలి, అంతే. "పార్కిన్సన్ జబ్బు బాబూ. సుక్క ముట్టని మనిషిని తాగుబోతని నలుగుర్లో తిట్టి పంపేసినాడు, ఆ నవ్వుతున్నాయనే!"

ఇవాళ డాక్టరే బయటికొచ్చాడు. "లోపలికి రామ్మా, ఫీజు వద్దు" అన్నాడు మెల్లగా. "మందులు ఇసాపట్నంలో వాడతన్నాం. ఈయన తాగుబోతు కాదని ఇక్కడే, నలుగుర్లో సెప్పండి" అంది అచ్చియమ్మ. ఆయన చుట్టూ చేరిన జనాన్ని చూసి లోపలికి వెళ్లిపోయాడు. "సాల్లేవే, ఇంటికెల్పోదాం" అన్నాడు వరహాలు, తడిసిన చొక్కా పట్టుకుని. అచ్చియమ్మ టీకొట్టు వైపు ఖాళీ గ్లాసు చాచింది.

"ఇంకోటి పొయ్యి. నిండా."