జేజి గీసిన గడ్డల దారి

నా చిన్నప్పుడు జమ్మలమడుగు దగ్గరి మా పల్లెలో, వానలు వెనకబట్టగానే మా జేజి, అంటే మా నాయనమ్మ, ఇంటి ముందుగోడకు ఎర్రమన్ను అలికి, సున్నంతో కొండ గీసేది. కొండ మీద ఒక ఆడమనిషి అడుగులు, వెనకే పిల్లల అడుగులు, దారి పొడవునా గుంతలు. కరువులో మా వంశంలోని ఒక అవ్వ అడవిగడ్డలు తవ్విపెట్టి పిల్లలను బతికించుకున్న కథ అది. ప్రతి గుంతలోంచి ఒక తీగ లేచేది. గడ్డ తీసుకున్నా, మళ్లీ ఊరేలా తీగ మొదలును మట్టిలోనే ఉంచి పూడ్చడం మా ఇంటి పద్ధతి. మొదటిసారి గడ్డ తెచ్చిన పిల్లల అడుగులు కూడా ఆ గోడకెక్కేవి.

నా అడుగులు ఎప్పుడెక్కుతాయా అని నాకు ఒకటే ఆరాటం. ఒకనాడు కొండకు పోయి, నిదానంగా తవ్వే ఓపిక లేక, తీగ పట్టుకుని మొదలుతో సహా పెరికాను. గడ్డ ఇంటికి తెచ్చి, మిగిలిన తీగను మేకలకు వేశాను. జేజి అడిగితే ఉన్నదే చెప్పాను. ఆమె గడ్డ ఉడికించి అందరికీ పెట్టింది. గోడ మీద నా అడుగులు గీసింది, గుంత గీసింది, తీగ మాత్రం గీయలేదు.

పక్కింటి మామ చూసి నవ్వాడు. "ఏమప్పా, అందరి గుంతలకూ జుట్టుండాది, నీదానికి గుండు కొట్టిచ్చినారే."

తీగ గీయమని జేజి వెంటపడ్డాను.

"కొండలో లేదు గదరా. యాడ చూసి గీసేది?" అంది.

ఆమె చేనికి పోయినప్పుడు నేనే సున్నంతో తీగ గీశాను. సాయంత్రం వచ్చి చూసింది. చెరపలేదు, తిట్టలేదు.

"కరువొస్తే ఈ గోడను చూసుకోనే పోతారు నాయనా జనం. ఎవురో ఒగ తల్లి బిడ్డనెత్తుకోని అంత కొండా ఎక్కుతాది. ఆడ ఉత్త గుంత ఉంటాది. ఆయమ్మకు ఏం చెప్తావో ఆలోచన జేసుకో" అని పొయ్యి దగ్గరికి పోయింది.

నేను గీసిన తీగను తడిగుడ్డతో తుడిచేశాను. సున్నం సరిగా పోక తెల్లటి మరక మిగిలింది. అదేందని అడిగినవాళ్లకు నేనే చెప్పుకోవలసి వచ్చింది.

అంత జరిగినా నేను మారిపోలేదు. ప్రొద్దుటూరులో విత్తనాల అంగడి పెట్టాక, ముద్దనూరు రైతొకడు ఇంకో అంగడికి పోతాడేమోనని, లేని విత్తనాలు రేపొస్తాయని చెప్పి రోజూ తిప్పుకున్నాను. చేనిలో వానతడి పదును ఆరిపోయింది. ఆ ఏడు అతను విత్తలేదు.

ఇప్పుడు విత్తనం లేకపోతే లేదంటాను, పక్క అంగడి చూపిస్తాను. జేజి మాట ఇన్నేళ్లకు అంతమటుకే నాలో దిగింది.