వరస తప్పిన పిలుపు

ఏడేళ్లు వచ్చేదాకా నేను అనాథాశ్రమంలో పెరిగాను. అక్కడ మాకు బాగా వచ్చిన విద్య ఒక్కటే. మంచి చీర కట్టుకున్న ఆడమనిషి ఎవరు గేటు దాటి వచ్చినా వరసగా నిలబడి, నవ్వుతూ "అమ్మా" అనడం. వార్డెన్ దగ్గరుండి నేర్పించింది. అలా ఎంతమందిని పిలిచానో చెప్పలేను. తల నిమిరి, అరటిపండు చేతిలో పెట్టి వెళ్లిపోయేవాళ్లు. ఎనభైల మొదట్లో ఒక్కావిడ మాత్రం నన్ను పెంచుకుంటానని అమెరికాలో ఇల్లినాయ్ తీసుకెళ్లింది.

వెళ్లిన మొదటి శనివారమే ఎవరో తెలుగువాళ్లింట్లో భోజనాలు. అలవాటు ఎక్కడికి పోతుంది? కనబడ్డ ప్రతి ఆవిడనీ "అమ్మా" అన్నాను. "పాపం, దీనికి ఎవరైనా అమ్మే," అని ఒకావిడ నవ్వింది. తిరిగొస్తుంటే కార్లో ముందు సీట్లోంచి నన్ను తెచ్చుకున్నావిడ వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"ఇక్కడ అందర్నీ ఆంటీ అనాలి. గుర్తుపెట్టుకో."

అందర్నీ అంటే అందర్నీ అనుకున్నాను. మర్నాడు పొద్దున ఆవిడ పాలగ్లాసు అందిస్తే "థాంక్యూ ఆంటీ" అన్నాను. ఆవిడ గ్లాసు నా చేతిలో వదిలేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. చెప్పిన మాట విన్నానని నేను మురిసిపోయాను. ఆ వెంటనే భయమూ పట్టుకుంది. ఈవిడ ఇంకా అమ్మ కాలేదన్నమాట, నచ్చకపోతే వెనక్కి పంపేస్తుందన్నమాట. ఆవిడేమో నాకే తను నచ్చలేదనుకుందని చాలా ఏళ్లకి తెలిసింది. ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరం ఒకరికొకరు భయపడ్డాం.

డిసెంబర్లో మంచు పడింది. మా ఊళ్లో మంచు అంటే పొద్దున్నే ఎదుటి మనిషిని కనబడనివ్వనిది, జలుబు చేసేది. ఇక్కడ అదే మాటకి గుప్పెట్లోకి వచ్చే వస్తువుంది! ఆవిడ తడవకుండా నా మేజోళ్ల మీద బ్రెడ్డు కవర్లు చుట్టి, బూట్లు తొడిగి బయటికి వదిలింది. దొర్లాను. తిన్నాను. రుచేమీ లేదు, అయినా తిన్నాను. పెరడంతా నేనొక్కదాన్నే పాడు చేస్తున్నా ఎవరూ తిట్టలేదు. ఆశ్రమం వదిలాక మొదటిసారి గట్టిగా నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

ఆ సంబరంలో ఒక గ్లవ్ ఎక్కడో పోయింది. పారేశానని తెలిస్తే వెనక్కి పంపేస్తుందనుకున్నాను. వట్టిచేత్తో మంచు అంతా తవ్వాను. వేళ్లు కొయ్యబారిపోయాయి. కిటికీలోంచి చూసిన ఆవిడ ఇంట్లో చెప్పులతోనే, కోటు లేకుండా పరుగెత్తుకొచ్చింది. మెట్ల మీద గడ్డకట్టిన చోట కాలు జారింది. చెయ్యి విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

ఆవిడ భర్త ఆఫీసులో ఉన్నాడు. పక్కింటి ముసలావిడ అంబులెన్సు పిలిచి, నన్ను కూడా ఎక్కించింది. ఆస్పత్రిలో నర్సు ఆవిడ వైపు వేలు చూపించి నన్నేదో అడిగింది. ఎవరు అని అడుగుతోందని అర్థమైంది. నాకు వచ్చిన మాట చెప్పాను.

"ఆంటీ."

నర్సు వంగి మంచం మీదున్న ఆవిడని అడిగింది. అందులో "నీస్" అన్న మాట చెవిన పడింది. ఆవిడ నావైపు చూసింది. నొప్పికి పెదాలు తెల్లబడి ఉన్నాయి. "ఎస్," అంది. నన్ను బయట కుర్చీలో కూర్చోబెట్టారు.

నీస్ అంటే మేనకోడలని మూడో క్లాసులో తెలిసింది. అంటే ఇంకెవరి పిల్లనో అయి, చుట్టంగా ఆ ఇంట్లో ఉన్నదాన్నని. ఆ సాయంత్రం ఆవిడ బియ్యం కడుగుతుంటే పక్కన నిలబడి, ఆ రోజు ఎస్ అని ఎందుకన్నావని అడిగాను. చాలాసేపు కడిగిన బియ్యమే కడిగింది.

"నువ్వు ముందే చెప్పేశావు కదే. కాదంటే నువ్వు అబద్ధమాడినట్టయ్యేది."

నా తప్పు అప్పుడు తెలిసింది. వెంటనే "అమ్మా" అన్నాను. గట్టిగా, నవ్వుతూ వచ్చింది. వార్డెన్ నేర్పినట్టే. నా నోటికి ఆ మాట అనడం ఇంకోలా తెలియదు.

ఆవిడకీ అలాగే వినిపించినట్టుంది. తడిచేత్తో నా తల నిమిరి, బల్ల మీదున్న అరటిపండు తీసి నా చేతిలో పెట్టింది.