ఇరవై ముడుల తాడు

నిన్న కచేరీ వరండాలో ఎవరో వానకు తడిసిన గొంగడి ఆరేశారు. లోపల నేను ఒక నివేదికలో రెండు తారీఖుల నడుమ రోజులు లెక్కిస్తున్నాను. ఆ తడి ఉన్ని వాసనకు కలం ఆగింది. మా ఊళ్లో గొర్రెలు కాసే కురుమ మల్లయ్య తాత గుర్తొచ్చాడు. రోజులు లెక్కపెట్టడం నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే.

అప్పుడు నాకు ఇరవై ఐదేళ్లు. కేతేపల్లి దగ్గర మా ఊళ్లో పట్వారీకి నివేదికలు రాసిపెట్టేవాణ్ణి. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నానన్న గర్వం కొంత ఉండేది. ఆ ఎండాకాలం తాత మందకు బొబ్బల రోగం సోకింది. రోగంతో ఆఖరి గొర్రె చచ్చాక ఇరవై ఒక్క రోజులు నిండేదాకా మందను గుట్ట మీదే ఉంచాలని, ఊరి వాగుకు తోలకూడదని తహసీలు నుంచి హుకుం వచ్చింది. తాత, ఆయన భార్య లింగవ్వ రోజూ కావడితో నీళ్లు మోశారు. గుట్ట మీద గడ్డి అయిపోయింది. తల్లిగొర్రెల పాలెండిపోయి, పిల్లలు లేచి నిలబడలేకపోతున్నాయి.

ఆఖరి గొర్రె చచ్చింది నిజాం సర్కారు లెక్కలో ఖుర్దాద్ నెల ఎనిమిదిన. ఇరవై ఎనిమిదో తారీఖు పొద్దున నేను ఎనిమిది, తొమ్మిది, పది అంటూ వేళ్ల మీద లెక్కపెట్టి, ఇరవై ఒకటి అయిందని రాసి, కాగితం పట్టుకుని గుట్టెక్కాను.

"తాతా, ఇయ్యాల మందను తోలుకపోవచ్చు."

ఆయన నడుముకు చుట్టుకున్న ఉన్నితాడు విప్పాడు. తెల్లారిన ప్రతిసారీ ఒక ముడి వేసేవాడు. ఒక్కొక్కటీ తడిమి, తల అడ్డంగా ఊపాడు.

"ఇరవయ్యే ఉన్నయి బిడ్డా. గొర్రె సచ్చిన దినం గూడ లెక్కల ఏసినవ్. గా దినం గొర్రెతోనే పోయింది. మర్నాడు తెల్లారినంక మొదలువెట్టాలె."

లింగవ్వ కుండ దించి కసిరింది. "కాగితమే అయిందంటే నీకేమొచ్చింది? పిల్లలు సస్తున్నయి. సర్కారు కన్న నీ తాడు పెద్దదా?"

"వాగుకాడికి ఊరి మందలన్ని వస్తయి. రేపు ఊర్ల ఎల్లయ్య గొర్రె సస్తే గీ కాగితం సూపిస్తవా?" అన్నాడు తాత.

"ఒక్కరోజే గద తాతా!" అన్నాను, ఉక్రోషంగా.

"ఒక్కరోజే గద. అయితె నువ్వు గూడ కావడెత్తు, కాగితాల దొరా!" అని నవ్వాడు.

ఎత్తాను. వాగుకూ గుట్టకూ ఆ రోజు ఏడుసార్లు తిరిగాను. భుజం కమిలిపోయింది.

పొద్దుగూకే వేళ ఒక తల్లిగొర్రె నీళ్లు ముట్టలేదు. తాత దాని తోక ఎత్తి చూశాడు. బొబ్బలు. లింగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండు రోజులకు అది చచ్చింది. దాన్ని పూడ్చి వచ్చి, తాత తాడులోని ముడులన్నీ గోటితో ఓపికగా విప్పాడు. మొదటి ముడి మళ్లీ మర్నాడు తెల్లారాకే పడింది.

ఆయన మందలో సగమే మిగిలింది. ఊరి మందల్లో మాత్రం ఒక్క గొర్రెకూ రోగం అంటలేదు.

నిన్న నా ముందున్న నివేదికలోనూ మొదటి రోజును కలిపి లెక్కించారు. కొట్టేసి ఒకటి తగ్గించాను. పక్కన కూర్చునే గుమాస్తా తొంగిచూసి, "ఒక్కరోజే కదండీ" అన్నాడు. ఆ ఒక్కరోజు బరువెంతో నా భుజానికి ఇంకా తెలుసు.