బాపుతో నేరశాస్త్రం తరగతికి వెళ్లిన రోజు

నాకు ఎం.ఏ. నేరశాస్త్రంలో సీటు వచ్చిందని తెలిసిన ఆదివారం, మా ఊరు సాతంరాయిలో చర్చి ప్రార్థన ముగియగానే అందరూ మా నాన్న, అంటే బాపు చుట్టూ చేరారు. మా ఇంట్లో బడి మొహం చూసినవాళ్లలో నేనే మొదటిదాన్ని కాబట్టి నా చదువు గురించి సలహా ఇచ్చేవాళ్లు ఊరంతా ఉన్నారు. "దొంగల సదువు ఆడపిల్లకెందుకయ్యా? టీచరు ట్రైనింగుకు తోలు" అన్నారు. శుక్రవారం సాయంత్రం నాలుగులోపు తండ్రి అంగీకార పత్రం ఇవ్వకపోతే సీటు పోతుంది. బాపు ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "నేనే వచ్చి సూస్త. నచ్చకుంటే ఇగ అడగొద్దు."

శుక్రవారం ఉదయం ఏడున్నరకు, నగరంలోని యూనివర్సిటీకి వెళ్లడానికి, శంషాబాద్ నుంచి వచ్చే బస్సు ఎక్కాం. ఆరాంఘర్‌లో దిగి ఇంకో బస్సు ఎక్కాలి. టికెట్లకు పెద్దగా ఖర్చు కాలేదు గానీ, ఆ చౌరస్తాలో లారీల మధ్య అరగంట పోయింది. పదింటికి పని ఉన్నవాళ్లు ఇంతకంటే ఆలస్యంగా బయలుదేరకండి. కండక్టరు నా చేతిలోని కాగితాలు చూసి "ఏం సదువక్కా?" అన్నాడు. చెప్పాను.

"అంటే జైల్ల నౌకరీనా?"

"రావచ్చన్నా."

"ఎప్పుడన్న నేనొస్తే జర మంచిగ సూస్కో."

బస్సంతా నవ్వింది, బాపు తప్ప.

యూనివర్సిటీ నేరశాస్త్ర విభాగంలో మాకు కనిపించిన మేడమ్ కోస్తా నుంచి వచ్చి నగరంలో స్థిరపడినావిడ. బాపు నేరుగా అడిగేశాడు. "మా బిడ్డ పోలీసయితదా అమ్మా?"

"కావాలంటే పరీక్ష రాసి అవ్వొచ్చండి. జైల్లో సంక్షేమ అధికారిగా చేరొచ్చు. తప్పుదారి పట్టినవాళ్లను మళ్లీ మంచి దారిలో పెట్టే ప్రొబేషన్ అధికారి ఉద్యోగాలూ ఉన్నాయి. పరిశోధన చేయొచ్చు. చదువు అవ్వగానే ఉద్యోగం వచ్చేస్తుందని మాత్రం చెప్పనండి."

బాపు తల ఊపాడు. కాగితం జేబులోనే ఉంది.

తర్వాత మమ్మల్ని కూడా తరగతిలో కూర్చోనిచ్చారు. బల్ల మీద మట్టి నింపిన పళ్లెంలో ఒక అడుగుజాడ ఉంది. "వాన మొదలైంది, చేతిలో అచ్చు తీసే సామాను లేదు. దీన్ని ఎలా కాపాడతారు?" అని మేడమ్ అడిగారు. ఒకరు గోనెసంచి కప్పుతామన్నారు, ఒకరు ప్లాస్టిక్ కాగితం అన్నారు. రెండూ తగిలి జాడ చెరిగిపోతుందన్నారావిడ. నేను పుస్తకంలో ఏముందో గుర్తుచేసుకుంటున్నాను.

వెనక బెంచీ నుంచి బాపు గొంతు వినిపించింది. "గంప బోర్లియ్యాలె."

అందరూ వెనక్కి తిరిగారు. "పేడతోని అలికిన గంపైతే నీళ్లు కారవు. అంచు జాడకు తాకొద్దు, చుట్టు మట్టి కట్ట పొయ్యాలె. మేకలు పోతే, దొంగ జాడను పెద్దమనుషులు వచ్చేదాంక మేం గట్లనే దాస్తం."

మేడమ్ ఆ మాట బోర్డు మీద రాశారు. "జాడ చూసి ఇంకేం చెప్పగలరండి?" అని అడిగారు. పది నిమిషాలు బాపే పాఠం చెప్పాడు. బరువు మోసిన మనిషి మడమ ఎట్లా దిగుతుందో పళ్లెంలో కాలు పెట్టి మరీ చూపించాడు.

మూడున్నరకు ఆఫీసులో బాపు జేబులోని కాగితం తీసి వేలిముద్ర వేసి, సిరా తలకు తుడుచుకున్నాడు. తిరుగు బస్సులో అన్నాడు. "ఆ పిల్లలకు గంప సంగతి తెల్వది. గిసొంటియి ఇగ నువ్వన్న జర చెప్పు వాళ్లకు."

ఆ గంప మా వాకిట్లో రోజూ నా కాళ్లకు తగులుతుంది. అడిగినప్పుడు మాత్రం నాకు గుర్తు రాలేదు. మా ఇంట్లో చదువు నాతోనే మొదలైందని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట అంత ధైర్యంగా అనలేను.

ఈ చదువుకు వెళ్లాలనుకునే అమ్మాయిలకు ఒకటే చెబుతాను. అంగీకార పత్రం మీద సంతకం ఇంట్లో అడగకండి. అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్లి, ముందుగా అనుమతి అడిగి ఒక తరగతిలో కూర్చోబెట్టండి. కాగితం ఆ తర్వాత తీయండి.