పసుపు మంట

ప్యాకింగ్ టేపు చర్రుమన్న చప్పుడు వింటే నాకిప్పటికీ చలి కాచుకోవాలనిపిస్తుంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, జెర్సీ సిటీలో నాన్న ఉద్యోగం పోయిన డిసెంబరులో, ఆయన ఇండియన్ స్టోర్ నుంచి ఆరు ఖాళీ అట్టపెట్టెలు మోసుకొచ్చాడు. మా ఇంట్లో ఫైర్‌ప్లేస్ లేదని నేను వందేళ్లుగా ఏడుస్తున్నాను గనక, అవి నాకోసమే అనుకున్నాను. ఆకాశమంత ఎత్తు పేర్చాను. అమ్మ కుంకుమంతా నీళ్లలో కలిపి, పైన రెండు లక్షల ఇటుకలు గీశాను. నడిమి పెట్టె లోపల పసుపుతో మంట రాజేశాను.

"అయ్యో, అవి ప్యాకింగ్‌కిరా," అంది అమ్మ. "శనివారం మనం ఇండియా వెళ్లిపోతున్నాం."

నాన్న మాత్రం దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని అరచేతులు చాపాడు. "అబ్బ, కాలిపోతోంది. శుక్రవారం దాకా ఉండనీవే."

శుక్రవారం ఒక్కో పెట్టే దించి గిన్నెలూ స్వెట్టర్లూ సర్దాం. ఫైర్‌ప్లేస్ కూడా మాతో వస్తోందని నేను గంతులేశాను. మంట ఉన్న పెట్టెను నాన్న ఆఖరుదాకా ముట్టుకోలేదు. చివరికి అందులో తన ఆఫీసు చొక్కాలు ఇస్త్రీ చెదరకుండా పెట్టాడు.

హైదరాబాద్‌లో అమ్మ ఆ చొక్కాల పసుపు మరకలతో ఏడాదిపాటు యుద్ధం చేసింది. అవి పోలేదు. వాటిని వేసుకునే అవసరమూ నాన్నకు మళ్లీ రాలేదు.