దొన్ను ఎడమ కన్ను

దెయ్యాలంటే నాకు ఒట్టి నవ్వులాట. అరకు కొండల్లో కాంపౌండరుగా ఉన్నన్నాళ్లూ దేనికీ జంకలేదు. ఇప్పటికీ నమ్మను. కానీ దొన్ను సంగతి ఎవరికీ చెప్పకుండా పోలేను.

1920ల నాటి మాట. మా ఆసుపత్రంటే ఒక పెంకుటిల్లు, ఒక బీరువా, నేను. డాక్టరుగారు కొండ దిగువన ఉండేవారు, డోలీలో ఒక రోజు ప్రయాణం.

సంత రోజు మధ్యాహ్నం దొన్ను కనిపించాడు. నాకు తేనె తెచ్చిచ్చే మనిషి. చెంప మీద ఎలుగుబంటి గీరిన మచ్చ. పసుపు గంపల పక్కన నిలబడి నన్నే చూస్తున్నాడు. అంత ఎండలోనూ ఎడమ కంటిపాప నల్లగా, పెద్దదిగా విచ్చుకుని ఉంది. కుడిది మామూలే. ఉమ్మెత్త రసం పడితే అలా అవుతుందని నాకు తెలుసు.

"కంట్లో ఏం పోసుకున్నావురా?" అన్నాను. జనంలో కలిసిపోయాడు.

మర్నాడు పొద్దున్నే అతని భార్య బుద్రి అతన్ని నడిపించుకొచ్చింది. కల్లు దించుతూ జీలుగుచెట్టు మీంచి పడ్డాడట. చెవి పైన బొప్పి, ఒంటినిండా కల్లు వాసన. కూర్చున్నచోటే తూగుతున్నాడు. ఎడమ కంటిపాప నిన్న సంతలో చూసినట్టే విచ్చుకుని ఉంది.

తలకు దెబ్బ తగిలాక ఒక కంటిపాప పెద్దదైతే లోపల నెత్తురు కారుతున్నట్టే, వెంటనే కిందికి పంపమని డాక్టరుగారు నాకు నేర్పారు. మరచిపోలేదు. కానీ ఈ కన్ను నిన్నటిదే కదా!

"పడ్డాకే ఇలగైపోనాది బాబూ. నిన్న బాగానే ఉంది," అంది బుద్రి.

"నిన్న సంతలో నేనే చూశాను. నాకు చెప్తావా?" అని కసిరాను. బొప్పికి మందు రాసి, మత్తు దిగేదాకా పడుకోబెట్టమని పంపేశాను.

దొన్ను ఆ పడక మీంచి మళ్లీ లేవలేదు.

కబురు విని వాళ్ల ఊరు వెళ్లాను. సంత మాట ఎత్తితే బుద్రి ఏడుపు ఆపి నా మొహంలోకి చూసింది.

"సంతకెలగెల్తాడు బాబూ? ఆ రోజు అమ్మోరికి ఊరు కట్టేసినారు. ఒక్క మనిసీ పొలిమేర దాటనేదు. ఆడు పొద్దల్లా డప్పు వాయించినాడు."

ఊరంతా అదే చెప్పింది. ఏడాదిలో ఆ ఒక్కరోజు అక్కడ ఎవరూ పొలిమేర దాటరు. దాటితే ఊరికే కీడని వాళ్ల భయం.

ఇంకెవర్నో చూసి పొరబడ్డానేమోనని ఏళ్ల తరబడి నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ మచ్చ నన్ను సర్దుకోనివ్వదు.

నన్ను హెచ్చరించడానికే కనిపించాడని కొందరంటారు. ఏం హెచ్చరిక, నా ఖర్మ! సంతలో ఆ కన్ను చూసి ఉండకపోతే, బుద్రి మాట నమ్మి అప్పటికప్పుడే డోలీ కట్టించేవాణ్ణి. ఎందుకు కనిపించాడో నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు.